సీసా అడుగున

మనిషిని చంపేంతటిది ఆ సీసాలో ఏమీ లేదు. ఈ కేసులో నా చెవిన పడ్డ మొదటి సంగతి అదే.

చనిపోయినాయన వాచీలు బాగుచేసే మేస్త్రీ. నిన్న పొద్దున ముక్కు, చెవి, గొంతు ఆసుపత్రి పై అంతస్తులో, నర్సు ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఆవిడ చూసి తిరిగి చేతికిచ్చిన తన స్ప్రే ముక్కులో కొట్టుకున్నాడు. కాసేపటికే గొంతు బిగుసుకుపోయింది. ఊపిరి లోపలికి పోలేదు. డాక్టరు పరిగెత్తుకొచ్చేసరికి నేల మీద ఉన్నాడు, కింది అంతస్తుకి దించేలోగా ప్రాణం పోయింది.

ఆ పై అంతస్తులో జరిగేది వైద్యం కాదు, పరీక్ష. ఏళ్ళ తరబడి ముక్కు కారుతూ, తుమ్ముతూ బతికే పెద్దవాళ్ళు కొందరుంటారు. ఎలర్జీ కోసం ఎన్ని పరీక్షలు చేసినా ఏమీ దొరకదు. చల్లగాలి తగిలినా, ఎవరైనా సెంటు పూసుకుని పక్కన కూర్చున్నా మొదలవుతుంది. అలాంటివాళ్ళ కోసం ఒక మొక్క గింజల నూనెతో స్ప్రే తయారుచేశారు. చేరినవాళ్ళలో సగం మందికి ఆ నూనె స్ప్రే ఇస్తారు, మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి స్ప్రే ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో ఇచ్చే నర్సుకీ తెలియదు, వాడే మనిషికీ తెలియదు. నల్లటి గాజు సీసా, దాని మీద ఒక నంబరు, అంతే. మనిషి పోయాక ఆ నంబరు గుట్టు విప్పి చూశారు. మేస్త్రీకి వెళ్ళింది ఉత్తుత్తిది. అందులో ఉండాల్సింది కాస్త ఉప్పు కలిపిన నీళ్ళు.

తీరా పోలీసు ల్యాబులో చూస్తే ఆ సీసా అడుగున మిగిలింది ఘాటైన నూనె. ఉప్పునీళ్ళ సీసాలోకి నూనె తనంతట తాను నడిచి రాదు. ఎవరో కలిపారు. ఆఖరున ఆ సీసాని ముట్టుకున్నది నర్సు. పైగా ఆలస్యంగా వస్తున్నాడని ఆవిడ నలుగురి ముందూ చీవాట్లు పెట్టిందని మేస్త్రీ కిందటిసారి ఫిర్యాదు కూడా చేశాడు. ఇన్‌స్పెక్టరు గారికి ఇంతకంటే ఏం కావాలి? సాయంత్రానికల్లా అరెస్టు. ఇవాళ పన్నెండింటికి కోర్టు.

నన్ను పిలిచింది నర్సు తోడికోడలు. పొద్దున్నే వచ్చి మా గుమ్మంలో నిలబడి, తమ ఇద్దరికీ మొదట్నుంచీ పడదనీ, వంటింట్లో గరిటె పెట్టే చోటు దగ్గర్నుంచి ప్రతిదానికీ గొడవేననీ చెప్పుకుంటూ పోయింది. నేను గడియారం చూశాను. అప్పుడు ఆవిడ గొంతు మారింది.

"దాని నోరు చెడ్డదే కానీ చెయ్యి చెడ్డది కాదండీ. ఒక్కసారి లోపలికి వెళ్తే ఇక దాన్నెవరూ నర్సుగా పెట్టుకోరు. ఇద్దరు చిన్నపిల్లలు. మీరేదో ఒకటి చెయ్యండి."

బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే పనిలో సగం జీవితం గడిపి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నదాన్ని. శత్రువు కోసం బతిమాలే మనిషిని అంత తేలిగ్గా తోసిపుచ్చలేను. పదింటికల్లా ఆసుపత్రి మెట్లెక్కాను.

ఇన్‌స్పెక్టరు అప్పటికే అక్కడున్నాడు. నర్సు చేత జరిగినదంతా మళ్ళీ చేసి చూపించడానికి ఆవిడని తీసుకొచ్చారు. పక్కన ఒక ఆడ కానిస్టేబులు ఆవిడ మణికట్టు పట్టుకుని నిలబడింది. నన్ను చూడగానే ఇన్‌స్పెక్టరు మొహం ముడుచుకుని, జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. ఆయన మూసేసిన కేసుల్ని రెండుసార్లు మళ్ళీ తెరిపించినదాన్ని నేను. నన్ను చూస్తే ఆయనకి ఒళ్ళు మంట. ఆయన్ని చూస్తే నాకూ అంతే, దాచుకోవడం దేనికి.

"మీ బీమా డబ్బులేమీ ఇందులో లేవు మేడమ్" అన్నాడు.

"మీ బుర్ర కూడా ఇందులో ఉన్నట్టు లేదు" అన్నాను.

అలా అనాల్సింది కాదు. కానీ ఆ నర్సు మొహం చూశాక నోరు ఆగలేదు. రాత్రంతా ఏడ్చిన మొహం కాదది. ఏడవడానికి కూడా తోచనంతగా దిగ్భ్రమలో ఉన్న మొహం. ఎవరో వెనకనుంచి నెత్తిన కొడితే, కొట్టిందెవరా అని ఇంకా వెతుక్కుంటున్నట్టు ఉంది.

ముందు మేస్త్రీ భార్యతో మాట్లాడాను. శవాన్ని అప్పగించే కాగితాల కోసం వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. చేతిలో భర్త కళ్ళజోడు. వాచీ మరల్ని చూసే భూతద్దం దానికి ఇంకా తగిలించే ఉంది. నర్సు మీద కోపం ఉందా అని అడిగితే లేదంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియడం లేదంది. ఆ స్ప్రే ఎలా వాడేవాడని అడిగాను. పడగ్గది అలమరలో పైఅరలో నిలబెట్టి ఉంచేవాడట. పూటపూటా నెమ్మదిగా తీసి, కొట్టుకుని, మళ్ళీ అక్కడే నిలబెట్టేవాడట.

"ఆయన చేతులు అలాంటివండీ. మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టినా చప్పుడు కాదు. తుమ్మొస్తే వాచీ మరలు ఎగిరిపోతాయని భయం. అందుకే ఈ పరీక్షలో చేరారు."

"మందు పనిచేసిందా?"

"మొదట్లో ఒట్టి నీళ్ళే ఇది, నన్ను మోసం చేశారు అనేవారు. నాలుగు రోజుల కిందట ఉన్నట్టుండి మండుతోందన్నారు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. గొంతు కూడా బొంగురుపోయింది. ఇప్పుడు పనిచేస్తోందే అని సంబరపడ్డారండీ." ఆవిడ కళ్ళజోడు కాళ్ళు మూసింది, తెరిచింది. "నేనూ సంబరపడ్డాను."

నేను నిలబడ్డచోటే ఆగిపోయాను. నాలుగు రోజుల కిందట ఆ సీసా మేస్త్రీ ఇంట్లో ఉంది. ఇచ్చాక నర్సు దాన్ని మళ్ళీ ముట్టుకున్నది నిన్న పొద్దున్నే. మంట మొదలైంది మాత్రం అంతకు ముందు.

ఈ మాట చెబితే ఇన్‌స్పెక్టరు ఆలోచనలో పడతాడనుకున్నాను. ఆయన పడలేదు. రుమాలు మడతపెట్టి, చల్లగా, "అయితే పెళ్ళాం కలిపిందంటారా? ఆవిణ్ణి కూడా వ్యాను ఎక్కించమంటారా?" అన్నాడు.

వరండాలో కూర్చున్న ఆ మనిషికి ఆ మాట వినబడింది. తలెత్తి మా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. భర్త పోయి ఒక్క రోజు గడిచిందో లేదో, అప్పుడే ఆయన్ని చంపినవాళ్ళ జాబితాలో తన పేరు. నాకు వచ్చిన కోపానికి ఇన్‌స్పెక్టరు చెవి మెలిపెట్టాలనిపించింది. పెట్టలేదు. స్ప్రే గది చూపించమన్నాను.

చిన్న గది. కిటికీ లేదు. ఏసీ గడ్డకట్టించేలా ఉంది. ఒక బల్ల, కుర్చీ, సీసాల బరువు తూచే చిన్న కాటా, మూలన ఆక్సిజన్ సిలిండరు. గోడవార చెక్క స్టాండులో వాడేసి తిరిగిచ్చిన నల్ల సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఇక్కడి పద్ధతి ఏమిటో నర్సు చేత చెప్పించాను. నెలకోసారి మనిషి పాత సీసాతో వస్తాడు. ఆ సీసాలోంచి ఆఖరుసారి నర్సు ఎదురుగానే కొట్టుకుంటాడు. తర్వాత సీసాని తూస్తారు. ఎంత మిగిలిందో చూస్తే ఇంటిదగ్గర సరిగ్గా వాడాడో లేదో తెలుస్తుంది. అప్పుడు కొత్త సీసా ఇస్తారు.

"కొత్త సీసా ఇచ్చేముందు మీరేం చేస్తారు?"

ఆవిడ ఖాళీ చేతిని గాల్లో అటూ ఇటూ గట్టిగా ఆడించి చూపించింది. తర్వాత బొటనవేలు నొక్కింది. ఊపి, తుంపర సరిగ్గా వస్తోందో లేదో గాల్లోకి ఒకసారి కొట్టి చూస్తుందట.

"ఊపమని రాసుందా?"

"లేదండీ. అలవాటు. ఏ మందు సీసా పట్టుకున్నా ముందు చెయ్యి ఊపేస్తుంది."

"మరి వాడేవాళ్ళకి ఊపమని చెబుతారా?"

"సీసా మీద లేని మాట చెప్పకూడదండీ. అందరికీ ఒకటే మాట చెప్పాలి. అది ఇక్కడి రూలు."

అలా అంటూ ఆవిడ ఇన్‌స్పెక్టరు వైపు చూసి చప్పున చూపు తిప్పుకుంది. అది మొదటిసారి కాదు. నేను వచ్చినప్పట్నుంచీ అలాగే చూస్తోంది. భయపడే చూపు కాదు. ఏదో అడగాలనుకుని మింగేస్తున్న చూపు. ఏదైనా దాస్తున్నారా అని మొహమ్మీదే అడిగేశాను. పరీక్షలో ఎవరెవరు చేరారో బయటికి చెప్పనని ప్రమాణం చేశాననీ, తన ప్రాణం మీదికి వచ్చినా చెప్పననీ అంది. నేనసలు ఆ సంగతే అడగలేదు. నాకది వింతగా తోచింది, కానీ అప్పటికి అంతకుమించి ఏమీ తట్టలేదు.

ఇన్‌స్పెక్టరు ఏసీని తిట్టుకుంటూ బయటికి వెళ్ళాడు. నేను స్టాండులోంచి ఒక సీసా తీసి మూత విప్పాను. మూతకి వేలాడుతూ సన్నటి గొట్టం, సీసా అడుగుదాకా. వాసన చూశాను. ఘాటుగా ఉంది. ఇంకో సీసా విప్పాను. అదే వాసన. మూడోదీ అంతే. వీటిలో సగమైనా ఉప్పునీళ్ళ సీసాలై ఉండాలి. ఉప్పునీళ్ళకి ఇంత వాసన ఎక్కడిది?

ఆయన తిరిగొచ్చాడు, కళ్ళు తుడుచుకుంటూ. నా చేతిలో సీసా చూసి మీదికొచ్చాడు.

"సాక్ష్యాలు ముట్టుకుంటున్నారు."

"వీటిని మీ మనుషులు ఎందుకు తీసుకెళ్ళలేదు?"

"ఇవి ఈ కేసుకి సంబంధించినవి కావు."

"అలా అయితే నేను ముట్టుకోవచ్చు."

పెద్ద డాక్టర్ని పిలిపించాను. ఈ పరీక్ష మొత్తం ఆయన చేతిమీదుగా నడుస్తోంది. మెత్తగా మాట్లాడే మనిషి. కానీ రెండుసార్లు పిలిస్తే గానీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. నర్సు చేత నాలుగు గాజు గ్లాసులు తెప్పించి బల్ల మీద పెట్టాను. ఒక్కో సీసాలో మిగిలింది ఒక్కో గ్లాసులో పోసి, కాసేపు ఎవరూ బల్లని తగలొద్దన్నాను.

రెండు గ్లాసుల్లో పాలలాంటి తెల్లటి నీళ్ళు, పైనుంచి కిందిదాకా ఒకే తీరుగా ఉన్నాయి. మూడో గ్లాసులో మాత్రం అడుగున తేటనీళ్ళు తేరుకున్నాయి, వాటిమీద పసుప్పచ్చటి నూనె తెట్టు కట్టింది. నాలుగోదాంట్లో నీళ్ళు లేనే లేవు. ఉన్నదంతా నూనే.

ఆడ కానిస్టేబులు కూడా మెడ చాచి చూసింది.

"డాక్టరు గారూ, తెల్లగా ఉన్నది అసలు మందు. అందులో నూనె నీళ్ళతో బాగా కలిసిపోయింది, కదిపినా కదపకపోయినా ఒకటే. ఈ తెట్టు కట్టినదీ, ఒట్టి నూనె మిగిలినదీ ఉత్తుత్తివి. ఉత్తుత్తిదాంట్లో నూనె ఎవరు పోశారు?"

ఆయన కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. కుర్చీ అందలేదు. గోడకి ఆనుకున్నాడు.

"నేనే" అన్నాడు.

సాగదీసి అడగాల్సి వస్తుందనుకున్నాను. ఆయన ఒక్క మాటలో ఒప్పేసుకున్నాడు. తర్వాత చెప్పిందంతా తలవంచుకునే చెప్పాడు. అసలు మందుకి ఘాటు వాసన ఉంది. ఉప్పునీళ్ళకి లేదు. ముక్కు దగ్గర పెట్టుకోగానే ఏది ఉత్తుత్తిదో రోగికి తెలిసిపోతే పరీక్ష మొత్తం గంగలో కలిసినట్టే. అందుకని ఉత్తుత్తి సీసాల్లో వాసన కోసం వేరే నూనె, ఒక సువాసనల కంపెనీ అమ్మేది, కొద్దికొద్దిగా తానే స్వయంగా కలిపాడు. సీసా మొత్తానికి అంత కొద్ది నూనె వల్ల ఏ హానీ లేదు. అది తేలుతుందని ఆయనకి తట్టలేదు. వారం గడిచాక చూసుకున్నాడు.

"చూసుకుని?"

"బాగా ఊపి వాడండి అని సీసాల మీద రాయాలనుకున్నాను. అన్నిటిమీదా ఒకేలా రాస్తే సరిపోయేది. కానీ లేబులు మీద ఒక్క మాట మార్చాలన్నా అనుమతుల సంఘానికి మళ్ళీ పంపాలి. పరీక్ష ఆరు నెలలు ఆగిపోతుంది. వాసన కోసం వేసిందే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను."

ఏమయిందో నేను చెప్పాను. ఇంట్లో నీళ్ళ డ్రమ్ముకి కుళాయి అడుగునే ఉంటుంది. డ్రమ్ములో కాస్త నూనె పోసి కుళాయి తిప్పితే ముందు వచ్చేవి నీళ్ళే. పైన తేలే నూనె ఆఖర్న వస్తుంది, అదీ ఒక్కసారిగా. ఈ సీసాలో గొట్టం కూడా అడుగు నుంచే పీలుస్తుంది. సీసాని ఊపి కొట్టుకునేవాడికి రోజుకింత వాసన. ఊపనివాడికి మొదట్లో ఒట్టి నీళ్ళు, చివర్న నెలకి సరిపడా నూనె ముక్కులోకి, అక్కణ్ణుంచి గొంతులోకి. చేతిలో ఏదీ కుదుపు తినకుండా పనిచేసే మనిషి మన మేస్త్రీ. ఆయన మంచి చేతులే ఆయన ప్రాణం తీశాయి.

"నిన్న మధ్యాహ్నం ఉత్తుత్తి సీసాలో నూనె ఉందని పోలీసులు చెప్పినప్పుడు మీకు అర్థం కాలేదా?" అని డాక్టర్ని అడిగాను.

నర్సు ఆయన వైపే చూస్తూ నిలబడింది. ఇంతకాలం ఆయన దగ్గరే పనిచేసింది. కొట్టిందెవరో ఇప్పుడు తెలిసింది.

"నన్ను తీసుకెళ్తుంటే మీరు అక్కడే ఉన్నారు కదా సార్" అంది.

కింద వ్యాను హారను వినబడింది. పన్నెండు కావస్తోంది. నేను ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, ఇంకా ఎవరిని ఎక్కిస్తారని అడగబోయాను. ఆయన గెలుపోటముల ధ్యాసలో లేడు. నాలుగో గ్లాసు వైపు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. ఓడిపోయిన ఉక్రోషమనుకుని లోపల్లోపల కాస్త సంతోషించాను కూడా. ఆ సంతోషానికి తర్వాత సిగ్గుపడ్డాను.

ముందుగా తేరుకున్నది నర్సే. మేస్త్రీతో పాటు అదే వారంలో సీసాలు తీసుకున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారనీ, అందరి సీసాలూ ఇప్పుడు అడుగంటుతూ ఉంటాయనీ, ఆఖరుసారి కొట్టుకోవడానికి ఇవాళా రేపూ ఇక్కడికే వస్తారనీ గబగబా చెప్పింది. ఎవరూ సీసా ముట్టుకోకుండా వెంటనే ఫోన్లు చెయ్యాలి. డాక్టరు ఫోను తీశాడు.

"ఒకరికి మాత్రం ఫోను అక్కర్లేదు" అంది నర్సు.

కానిస్టేబులు పట్టు ఎప్పుడు వదిలిందో తెలియదు. నర్సు రెండడుగులు వేసి ఇన్‌స్పెక్టరు ముందు నిలబడింది. నిన్నట్నుంచీ మింగుతున్న మాట ఇప్పుడు బయటికొచ్చింది.

"సార్, మీరు సీసా ఊపి కొట్టుకుంటున్నారా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. ఆ రుమాలు, ఏసీ మీద ఆ చిరాకు, ఇందాక బయటికెళ్ళి కళ్ళు తుడుచుకుంటూ రావడం. స్టేషన్లో తెలిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పొద్దన్నాడట. ఆవిడ చెప్పలేదు. ఆయన తనకి బేడీలు వేస్తున్నప్పుడు కూడా చెప్పలేదు. ఆయన పరీక్షలో ఉన్నాడని ఒక్క మాట బయటపడితే ఈ కేసు ఆయన చేతిలోంచి పోయేది, ఆవిడకి ఊపిరాడేది. అది తెలిసి కూడా నోరు విప్పలేదు. అలాంటి మనిషిని ఆయన కోర్టుకి ఈడ్చుకెళ్ళబోయాడు.

ఇన్‌స్పెక్టరు ప్యాంటు జేబులోంచి నల్ల సీసా తీసి, గ్లాసుల పక్కన పెట్టాడు. ఇవాళ మధ్యాహ్నం తిరిగివ్వాల్సిన సీసా. ఎత్తి చూశాను. బరువే లేదు.

"ఊపాలా?" అన్నాడు. "రెండ్రోజుల నుంచి మండుతోంది. పనిచేస్తోందనుకున్నాను. ఇందాక కూడా వరండాలో..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన గొంతు బొంగురుగా ఉంది. ఎప్పట్నుంచి అలా ఉందో నేను గమనించలేదు. వరండాలో మేస్త్రీ భార్య లేచి నిలబడింది. ఆ గొంతు ఆవిడకి తెలుసు.

ఆయన కాలరు పట్టుకుని లాక్కుంటున్నాడు. నర్సు అప్పటికే మూలనున్న సిలిండరు దగ్గరికి పరిగెత్తింది. ఆవిణ్ణి ఎవరూ ఆపలేదు.